కట్టేశారట

నాకు అనుమానం ఎక్కువని అందరూ అంటారు. ఎక్కువేం కాదు, ఉండాల్సినంతే ఉంది. మిలటరీ వాళ్ళు వాడి వదిలేసిన బండ్లు పెట్టుకుని బతికే మనిషికి ఆ మాత్రం అనుమానం లేకపోతే ఏదో ఒకరోజు ఏ చక్రం కిందో నలిగిపోవడం ఖాయం.

మా దగ్గర అలాంటివి మూడున్నాయి. మా నాన్న వేలంలో పాడుకుని తెచ్చాడు. ఆకుపచ్చ రంగు, పది టైర్లు, నా నడుమెత్తు బంపర్లు, ముందు చక్రాలు కూడా ఇంజను బలంతో లాగే రకం. బురదలో దిగబడ్డ లారీలని బయటికి లాగడానికీ, మామూలు లారీ ఎక్కలేని దారుల్లో కలప మోయడానికీ వాటిని అద్దెకిస్తాం. నాన్నకి నేనొక్కదాన్నే కూతుర్ని. మగపిల్లల ముచ్చట బండ్లతో తీర్చుకున్నాడేమో, వాటికి పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అని పేర్లు పెట్టి, ఆ ముగ్గురినీ నాకప్పగించి ఆయన దారిన ఆయన వెళ్ళిపోయాడు. కట్టుకున్నవాడు అంతకుముందే పోయాడు కాబట్టి ఇంటికీ షెడ్డుకీ నేనే పెద్దదిక్కునయ్యాను.

మిలటరీ బండిని కొనడం ఎవరైనా కొంటారు. ఉంచుకోవడమే కష్టం. దాని బోల్టు పాడైతే బజార్లో దొరకదు. రబ్బరు గొట్టాలు పైకి నిగనిగలాడుతూ లోపల పొరలు పొరలుగా ఊడిపోతుంటాయి. టైరు గాట్లు కొత్తవాటిలా లోతుగానే కనిపిస్తాయి, పక్కలు మాత్రం వయసుకి బీటలువారి, ఎండలో కాస్త దూరం పరిగెత్తిస్తే పేలిపోతాయి. వాడినా పాడవుతుంది, వాడకుండా నిలబెట్టినా పాడవుతుంది. అందుకని నేను ఏ నట్టు బిగించినా, నట్టు మీదా, అది కూర్చున్న ఇనుము మీదా కలిపి తెల్ల రంగుతో ఒక గీత గీస్తాను. మళ్ళీ వచ్చి చూసినప్పుడు గీత విరిగి కనిపిస్తే నట్టు కదిలిందన్నమాట. మనుషుల మీద అలా గీత గీసుకునే వీల్లేదు, వచ్చిన చిక్కల్లా అదే.

అల్లుడి విషయంలో మొదటినుంచీ నాకు ఆ చిక్కే. అతనికి సొంతంగా లోబెడ్ ట్రైలరుంది. రోడ్డు మీద తమంతట తాము నడవలేని యంత్రాలని దాని మీదకెక్కించి, చైన్లతో కట్టి, ఊళ్ళు దాటిస్తుంటాడు. మాట తక్కువ. నవ్వాడో లేదో మీసాల వెనక తెలియదు. మా అమ్మాయి ఏరికోరి చేసుకుంది. పెళ్ళయ్యాక మకాం మా ఇంటికే మార్చాడు. అమ్మాయి కోసం వచ్చాడో, ట్రైలరు నిలుపుకోవడానికి పెద్ద రోడ్డు పక్క చోటుందని వచ్చాడో, మా నాన్న బండ్ల మీద కన్నేసి వచ్చాడో నాకు అంతుపట్టలేదు.

వచ్చిన కొత్తలో ఒకసారి పెద్దోడి వెనక చక్రం మార్చాడు. అతను చేతులు కడుక్కుంటుంటే నేను స్పానరు పట్టుకుని ఒక్కొక్క నట్టూ మళ్ళీ బిగించి చూశాను.

"నేను బిగించానండీ అత్తయ్యా," అన్నాడు.

"బిగించే ఉంటావులే. చూస్తే పోయేదేముంది?" అన్నాను.

అతని మొహం కందిపోయింది. విసురుగా ఇంట్లోకి వెళ్ళాడు. ఆ సాయంత్రం అమ్మాయి నా పక్కన చేరి, "అమ్మా, నీకు దణ్ణం పెడతాను, ఇకమీద ఆయన్ని నేరుగా ఏదీ అడగొద్దు. ఇంకోసారి ఇలా జరిగితే నన్ను తీసుకుని వేరే ఊరు వెళ్ళిపోతారట," అంది.

ఆ మాట నా గుండెలో ముల్లులా దిగింది. నాకున్నది ఆ ఒక్క పిల్ల. పొద్దున్నే లేచి దాని గొంతు వినపడని ఇంట్లో తిరగడం ఊహించుకోవడానికే నాకు భయం. దాంతో నోటికి తాళం వేసుకున్నాను. అప్పటినుంచీ అల్లుడితో నాకు ఏ పనున్నా అమ్మాయి ద్వారానే. నేను "అడుగు" అంటాను. అది వెళ్ళొచ్చి "ఇదట" అంటుంది. అతను చెప్పదలుచుకున్నవీ దాని నోటిగుండానే వస్తాయి. ఒకే బండి కింద చెరోవైపు పడుకుని పని చేస్తూ కూడా మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. నోరు మూసుకున్నాను గాని కళ్ళు మూసుకోలేదు.

ఇలా ఉండగా నడిపోడి ఇంజను పట్టేసింది. ఆ రకం ఇంజను విప్పి మళ్ళీ కూర్చగల మేస్త్రీ కొండ అవతలి ఊళ్ళో ఉన్నాడు. చచ్చిన ఇంజనుతో అంత దూరం వెళ్ళాలంటే ట్రైలరు మీదే వెళ్ళాలి. ట్రైలరేమో మా సందు మలుపు తిరగదు. కాబట్టి నడిపోణ్ణి పెద్దోడికి కట్టి పెద్ద రోడ్డు దాకా లాక్కెళ్ళి, అక్కడ ట్రైలరు మీదకెక్కించాలి. ఆ పనంతా తనే చూసుకుంటానన్నాడట అల్లుడు. సరేనన్నానని చెప్పమన్నాను.

బయల్దేరాల్సిన పొద్దున షెడ్డులోకి వెళ్ళి, అలవాటు కొద్దీ నడిపోడి కిందికి వంగి చూశాను. గేరుబాక్సు నుంచి ముందు చక్రాలకొకటి, వెనక చక్రాలకొకటి పోయే షాఫ్టులు రెండూ లేవు.

ఇంజను చచ్చిన బండిని లాగేటప్పుడు షాఫ్టులు విప్పాలని నాకు తెలియక కాదు. విప్పకపోతే చక్రాలతోపాటు గేరుబాక్సులో పళ్ళు కూడా తిరుగుతాయి, వాటికి ఆయిలు అందదు, అరిగి పొడైపోతాయి. విప్పడం సరే, విప్పినవి ఎక్కడ? మా షెడ్డులో విప్పిన షాఫ్టులని అదే బండి తొట్టిలో పడుకోబెట్టి తాడుతో కడతాం. తొట్టి ఖాళీగా ఉంది. బల్ల మీద లేవు, బల్ల కింద లేవు. ఆ రకం షాఫ్టులు ఇప్పుడు ఎక్కడా తయారవడం లేదు. అలాంటి బండ్లున్న వాళ్ళు ఒక్క షాఫ్టు దొరికితే చాలని కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూస్తుంటారు.

"షాఫ్టులు ఎక్కడ పెట్టాడో అడుగు," అన్నాను అమ్మాయితో.

అది షెడ్డు వెనక్కి వెళ్ళింది. అక్కడ అల్లుడు పెద్దోణ్ణి స్టార్ట్ చేసి ఉంచాడు, ఆ మోతలో మాటలేవీ వినపడలేదు. అమ్మాయి తిరిగొచ్చి, "జాయింట్లు చూడమని లేతు షాపుకి పంపారట," అంది.

"ఎవరితో పంపాడు?"

"ఏమోనమ్మా. ఇచ్చారట అంతే. వదిలెయ్."

వదిలేసినట్టు తలూపి, గ్రీజు డబ్బా తెస్తానని చెప్పి చెప్పులేసుకున్నాను. లేతు షాపు మా సందు చివరే. షాపతను అప్పుడే షట్టరు ఎత్తి మిషను మీది ఇనుప పొట్టు చిమ్ముతున్నాడు.

"మా షాఫ్టులు ఎంతదాకా వచ్చాయి?" అన్నాను ఏమీ ఎరగనట్టు.

"ఏ షాఫ్టులమ్మా? మీ అల్లుడు నా గుమ్మం తొక్కి ఎన్నాళ్ళయిందో," అన్నాడు కళ్ళజోడు పైకి తోసుకుంటూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎంత ధైర్యం! నా చెవిలో పువ్వు పెట్టడానికి మా అమ్మాయి నోరే దొరికిందా? అది అమాయకురాలు, అతను ఏం చెప్పమంటే అది మోసుకొచ్చి నా ముందు పోస్తోంది. తిట్టి కడిగేద్దామని విసురుగా ఇంటికొచ్చాను. గేటు దాటకముందే వేరే ఊరి మాట గుర్తొచ్చి అడుగులు నెమ్మదించాయి.

అల్లుడు నీళ్ళ డ్రమ్ము వెనక నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఎప్పుడూ నాలుగు మాటలకి మించి మాట్లాడని మనిషి గుసగుసగా మాటలు దంచుతున్నాడు.

"అవును, రెండూనూ... కొండ కింద టైర్ల షాపు దగ్గర... నేనక్కడ ఆగుతాను. మా అత్తయ్యకి తెలిస్తే బాగోదు."

రెండూనట. కొండ కిందట. నాకు తెలిస్తే బాగోదట. ఇంకేం కావాలి? నేను చప్పుడు చెయ్యకుండా షెడ్డులోకి వెళ్ళి, ఇనుప చువ్వలు కోసే పెద్ద కత్తెర తీసి మా పాత జీపులో సీటు కింద పెట్టుకున్నాను. అనుమానం తీరాలంటే కళ్ళారా చూడాలి, పదిమందిలో చూడాలి. అప్పుడు వెళ్ళిపోతానన్నా వెళ్ళాల్సింది అతనొక్కడే, నా పిల్ల నాతోనే ఉంటుంది. అదీ నా లెక్క.

పెద్ద రోడ్డు మీద నడిపోణ్ణి ట్రైలరు మీదకి ఇనుప తాడు చుట్టుకునే విన్చితో లాగుతుంటే పక్కన నిలబడి చూశాను. ఉన్నమాట చెప్పుకోవాలి, తప్పు పట్టడానికి సందివ్వలేదు. చైన్లని స్ప్రింగు పట్టీలకి కాకుండా ఇరుసుకే వేశాడు. ముందు రెండు, వెనక రెండు. కొక్కేలు తిరగబడకుండా చూసుకున్నాడు. చైను రాసుకునే చోట పాత టైరు ముక్కలు పెట్టాడు. నేను కట్టినా అలాగే కడతాను. అది కూడా నాకు అనుమానంగానే తోచింది, దొంగబుద్ధి ఉన్నవాడికి ఇంత శ్రద్ధ ఎందుకని.

క్యాబిన్లోకెక్కి హ్యాండుబ్రేకు లాగి దిగాడు. లాగినా ఒకటే, మానినా ఒకటే. ఈ బండ్లలో హ్యాండుబ్రేకు చక్రాలని పట్టుకోదు, గేరుబాక్సు వెనకున్న షాఫ్టుని పట్టుకుంటుంది. షాఫ్టు లేనప్పుడు లివరు బిగిసి నిలబడుతుంది గాని అది పట్టుకునేది ఏమీ ఉండదు. ఇంజను చచ్చింది కాబట్టి గాలి లేదు, గాలి లేనిదే కాలి బ్రేకు పనిచెయ్యదు. ఇక నడిపోణ్ణి ఆపేవి చైన్లే. వెనక్కి జారకుండా ముందు చైన్లు పట్టుకోవాలి, ముందుకి దూకకుండా వెనక చైన్లు పట్టుకోవాలి. దారిలో ఎక్కడైనా చైను విప్పాల్సి వస్తే ముందుగా చక్రాల వెనక చెక్క దిమ్మెలు పెట్టాలి. అవి ట్రైలరు తోకలో, ర్యాంపుల మధ్య ఉంటాయి.

ఒక్కటే నాకు నచ్చలేదు. ముందు చైన్లని లాగి వదులవకుండా పట్టి ఉంచే బిగింపులు రెండూ పాతవి. వాటి పళ్ళు అరిగి గుండ్రంగా అయిపోయాయి.

"ఆ బిగింపులు మార్చమను. మన షెడ్డులో మంచివి రెండున్నాయి, మేకుకి వేలాడుతున్నాయి, ఇవ్వనా అని అడుగు," అన్నాను.

అమ్మాయి వెళ్ళింది, వచ్చింది. "అక్కర్లేదట. అవి బాగానే ఉన్నాయట."

మంచివి ఇస్తానంటే వద్దనేవాణ్ణి ఏమనుకోవాలి? ఆ తర్వాత ఇంకోటి కూడా కంటపడింది. ట్రైలరు పక్కనుండే పొడుగాటి టూల్ బాక్సుకి కొత్త తాళం వేలాడుతోంది. నిన్నటిదాకా దానికి తాళమే లేదు.

అతను ట్రైలరు నడుపుతుంటే నేనూ అమ్మాయీ జీపులో వెనక వెళ్ళాం. నా చూపు తాళం మీంచి కదల్లేదు. ఊరు దాటాక అతను చదునైన చోట ఆపి, దిగి, నాలుగు చైన్లూ తట్టి చూసి మళ్ళీ బిగించాడు. బరువు స్ప్రింగుల మీద సర్దుకున్నాక చైన్లు వదులవుతాయి, అందుకని మొదట్లోనే ఒకసారి ఆపి చూడాలి. చాలామంది బద్ధకిస్తారు. ఇతను బద్ధకించలేదు. మెచ్చుకోబోయి నాలుక కరుచుకున్నాను.

"ఏంటమ్మా అలా కళ్ళల్లో ఒత్తులేసుకుని చూస్తున్నావ్?" అంది అమ్మాయి.

"రోడ్డు చూస్తున్నాను."

"రోడ్డు చూసేవాళ్ళు పళ్ళు కొరుకుతారా?"

"జీపు పాతది. కుదుపులకి పళ్ళు వాటంతటవే కొరుక్కుంటాయి."

అది నవ్వి నా భుజం మీద తల పెట్టుకుంది. దాని జుట్టు నా బుగ్గకి తగులుతుంటే, పాపం నా పిచ్చిపిల్ల, ఎలాంటివాణ్ణి నమ్మిందో అనుకున్నాను.

కొండ కింద టైర్ల షాపు రానే వచ్చింది. షాపు ముందు చదునంతా లారీలు నిండి ఉన్నాయి. ట్రైలరు కాస్త ముందుకెళ్ళి, కొండెక్కే చడావు మొదలైన చోట ఆగింది. అల్లుడు దిగి ట్రైలరు చక్రాల కింద రాళ్ళు పెట్టి, షాపులోకి వెళ్ళి, బరువైన గోనెసంచీ ఒకటి మోసుకొచ్చాడు. అక్కడినుంచే అమ్మాయిని పిలిచాడు. వాళ్ళిద్దరూ ట్రైలరు ముందు ఏదో మాట్లాడుకున్నారు. నేను జీపు ఆపి దిగేసరికి అది తిరిగొచ్చింది.

"ఏమంటాడు?"

"ఏం లేదమ్మా. మంచినీళ్ళున్నాయా అని."

"ఆ సంచీలో ఏముంది? అక్కడేం చేస్తున్నాడు? ఇలాంటి వాలులో చైన్ల జోలికి పోవడం లేదు కదా? అన్నీ కట్టేసి ఉన్నాయో లేదో అడుగు."

అది నాలుగడుగులు వేసి, ట్రైలరు చాటుకి వెళ్ళి, వెంటనే వచ్చేసింది. "కట్టేశారట," అంది. "నేను కాస్త అటూ ఇటూ నడుస్తాను, నడుం పట్టేసింది," అంటూ ట్రైలరు తోక వైపు వెళ్ళింది.

నాకు కావలసిందీ అదే. సీటు కింద కత్తెర తీసుకుని టూల్ బాక్సు దగ్గరికెళ్ళాను. అది ట్రైలరు పక్కన, సరిగ్గా నడిపోడి వెనక చక్రాల పక్కనే ఉంది. అల్లుడు అవతలివైపు ముందు ఉన్నాడు, నాకు కనపడడు. తాళం కమ్మీని కత్తెర నోట్లో పెట్టి బలమంతా వేసి నొక్కాను. తెగింది. మూత ఎత్తాను.

షాఫ్టులు రెండూ అందులోనే ఉన్నాయి. శుభ్రంగా తుడిచి, గ్రీజు రాసి, జాయింట్ల మూతలు ఊడిపడకుండా గుడ్డ చుట్టి తీగతో కట్టి ఉన్నాయి. ఒకదాని మీద సుద్దముక్కతో 'ముందు' అని, ఇంకోదాని మీద 'వెనక' అని రాసి ఉంది. దొరికాడు దొంగ అనుకుంటూ ఒకదాన్ని సగం బయటికి లాగాను. లాగి ఆగిపోయాను. అమ్ముకునేవాడు ఏది ముందుదో ఏది వెనకదో రాసిపెట్టుకోడు. మళ్ళీ బిగించాలనుకున్నవాడే రాసుకుంటాడు. మరి లేతు షాపు కథ ఎందుకు అల్లినట్టు?

అంతలో ముందువైపు చైను జారిన చప్పుడయింది. తల వంచి నడిపోడి కిందనుంచి చూశాను. అవతలివైపు ముందు చైను విప్పేసి వేలాడుతోంది. అల్లుడి కాళ్ళు దాని పక్కనే ఉన్నాయి. కట్టేశాడన్నది ఇప్పుడే కదా! ఇక బండి బరువంతా ఇవతలి ముందు చైను ఒక్కదాని మీదే ఉంది. దాని బిగింపులో అరిగిన పళ్ళు ఒకదాని మీంచి ఇంకోదాని మీదకి టిక్కుమంటూ జారుతున్నాయి. చక్రాల వెనక దిమ్మెల కోసం చూశాను. ఒక్కటీ లేదు. దిమ్మె ఎక్కడుందంటే మా అమ్మాయి చేతుల్లో ఉంది. అది ట్రైలరు తోక మీద మోకాళ్ళ మీద కూర్చుని, మొయ్యలేని దిమ్మెని వెనక చక్రం వైపు తోసుకుంటూ వస్తోంది.

"ఒరేయ్! బండి జారుతోందిరా! పిల్ల వెనకుంది!" అని అరిచాను. అల్లుడితో నేరుగా మాట్లాడి ఎన్నాళ్ళయిందో, మళ్ళీ నోరు విప్పి అన్న మాట అది.

బిగింపు ఫట్‌మని తెరుచుకుంది. నడిపోడు కదిలాడు. వేగమేమీ లేదు, అంత ఇనుము కదలడం మొదలుపెట్టేటప్పుడు చప్పుడు కూడా చెయ్యదు. చేతిలో ఉన్న షాఫ్టుని పూర్తిగా ఎలా లాగానో తెలియదు, చక్రం వెనక అడ్డంగా తోసేశాను. టైరు దాన్ని తాకింది, ఎక్కబోయింది, షాఫ్టు చివర కొమ్ములు ట్రైలరు చెక్కలో దిగబడ్డాయి. బండి ఒకసారి ముక్కి ఆగింది. అమ్మాయి మొహానికీ బండి వెనక బంపరుకీ మధ్య జానెడు ఖాళీ ఉంది.

అల్లుడు ట్రైలరు మీదకి ఎగిరి, దాని చేతుల్లోని దిమ్మె లాక్కుని అవతలి చక్రం వెనక కుక్కాడు. నేను ఇంకోటి తెచ్చి ఇవతల పెట్టాను. అతను గోనెసంచీ కుమ్మరిస్తే రెండు కొత్త బిగింపులు బయటపడ్డాయి. ఇద్దరం చెరోవైపు పట్టి ముందు చైన్లు రెండూ మళ్ళీ వేసి బిగించాం. అయ్యాక అతను ట్రైలరు అంచున కూలబడ్డాడు. నేనూ అంతే.

"దిమ్మెలు పెట్టేశారనుకుని చైను విప్పానండీ," అన్నాడు నా మొహంలోకి చూస్తూ.

"ఎవరు పెట్టారని?"

"మీరే. పెట్టమని చెప్పి పంపాను కదా. పెట్టేశారటగా?"

"నాకెవరూ చెప్పలేదు. నువ్వే చైన్లు కట్టేశానన్నావట?"

"నన్నెవరూ అడగలేదే."

"షాఫ్టులు లేతు షాపుకి పంపానన్నావట?"

"లేతు షాపేంటండీ? దారిలో ఎవరైనా ఎత్తుకుపోతారని పెట్టెలో పెట్టి తాళం వేశాను. దాని తాళంచెవి కూడా మీకివ్వమని పొద్దున్నే తన చేతికిచ్చాను." నా చేతిలో కత్తెర వైపూ తెగిన తాళం వైపూ చూసి ఆగిపోయాడు.

"మరి ఈ బిగింపులు?"

"పాతవి అరిగిపోయాయి, మీ దగ్గరేమైనా ఉన్నాయేమో అడగమన్నాను. లేవన్నారట. అందుకని మా స్నేహితుణ్ణి అడిగి ఇక్కడ పెట్టించాను. మీకు తెలిస్తే నామోషీ అని చెప్పలేదు."

"లేకపోవడమేంటయ్యా, మేకుకి వేలాడుతున్నాయి. ఇస్తానంటే నువ్వే అక్కర్లేదన్నావట."

ఇద్దరం ఒకేసారి తల తిప్పాం. అమ్మాయి ర్యాంపు మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. మోచేతులు గీరుకుపోయాయి.

"మీరిద్దరూ ఎదురుపడితే గొడవవుతుందని..." అంది. "నువ్వడిగినట్టే అడిగితే ఆయనకి కోపమొస్తుంది. ఆయన చెప్పినట్టే చెప్తే నీకు కోపమొస్తుంది. అందుకే ఏదో ఒకటి నేనే చెప్పేస్తున్నాను. షాఫ్టుల గురించి నీతో ఒకటి చెప్పేశాక, ఆయన తాళంచెవి ఇచ్చారు. అప్పుడది నీకెలా ఇవ్వను? దిమ్మెలు కూడా నేనే పెట్టేద్దామనుకున్నాను." అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది.

లాగి ఒక్కటిద్దామనిపించింది. గుండెలకి హత్తుకుని ఏడవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. ముందు ఒక మాట తేలాలి. అతని వైపు తిరిగాను.

"నేను నిన్ను ఏదైనా నేరుగా అడిగితే, దీన్ని తీసుకుని వేరే ఊరు వెళ్ళిపోతానన్నావట. అదైనా అన్నావా?"

అతను ట్రైలరు అంచు మీంచి లేచాడు.

"నేనా? మీరే కదండీ, నేను ఎదురు మాట్లాడితే ఇంట్లోంచి పొమ్మంటానన్నారట? అందుకే కదా నేను నోరు మూసుకుని తిరుగుతున్నది."

ఎవరూ అనని మాటకి భయపడి నేను నా ఇంట్లోనే మూగదాన్నయ్యాను. ఇతను అదే ఇంట్లో పరాయివాడిలా తలొంచుకుని తిరిగాడు. ఇన్నాళ్ళూ ఇతని నట్టు నట్టునీ, తాళం తాళాన్నీ అనుమానించాను. కన్నకూతురు చెప్పిన ఒక్క మాటని కూడా తిరగేసి చూడాలని తోచలేదు.

లారీలు పక్కనుంచి చడావు ఎక్కుతున్నాయి. అల్లుడు వంగిపోయిన షాఫ్టుని దిమ్మెల మీంచి చూసి, "దీన్ని తిన్నగా చేయించొచ్చు అత్తయ్యా," అన్నాడు. "చేయించొచ్చు," అన్నాను. ఆ రెండు మాటలూ నాకు ఎంతో తేలిగ్గా ఉన్నాయి. నేను వెళ్ళి అమ్మాయి పక్కన కూర్చున్నాను. అతను కూడా వచ్చి ముందు నిలబడ్డాడు.

"ఏడవకు. జరిగింది జరిగింది. ఇంకా ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పెయ్," అన్నాను.

అది కళ్ళు తుడుచుకుంది. చిన్నప్పుడు చూసినట్టే, రెప్ప వెయ్యకుండా నా కళ్ళల్లోకి చూసింది.

"ఇంకేం లేవమ్మా. ఒట్టు."

నేను దాని తల నిమిరాను. నిమురుతూనే అల్లుడి వైపు చూశాను. అతను అప్పటికే నా వైపు చూస్తున్నాడు.